ఫారం 700 మీద నా సంతకం

పర్లాకిమిడి,
2025 అక్టోబరు 5.

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

దసరాకు నువ్వు రాలేదని అమ్మ ఇంకా బాధపడుతూనే ఉంది. ఆ సంగతి మీరిద్దరూ ఫోనులో తేల్చుకోండి. ఈ ఉత్తరం వేరే పని మీద రాస్తున్నాను.

సెప్టెంబరు 26న నువ్వు ఫోను చేసి ఒక మాట అడిగావు. "నాన్నా, మిగ్-21 యుద్ధవిమానాన్ని ఎగిరే శవపేటిక అంటున్నారు. ఇరవై ఏళ్ళు దాని దగ్గర ఎలా పనిచేశావు? భయం వేయలేదా?" అని. నేను పొడిపొడిగా ఏదో చెప్పి ఫోను అమ్మ చేతికిచ్చాను. అప్పుడు ఇంట్లో ముగ్గురు కూర్చుని ఉన్నారు. గునుపూరు బాబాయి పొద్దున్న రైలుకే వచ్చాడు. బరంపురం నుంచి, విమానం ఆయుధాల పని చూసిన మా ఆర్మరర్ సార్జెంటు గారు వచ్చారు. మూడో ఆయన వైమానిక దళంలో లేరు, సునాబెడలో మిగ్ ఇంజిన్లు తయారుచేసే కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు జరుగుతుంటే నలుగురం కలిసి టీవీలో చూడాలని ముందే అనుకున్నాం. 1963లో మొదటి స్క్వాడ్రన్ మొదలైంది కూడా ఆ చండీగఢ్‌లోనే.

వైమానిక దళాధిపతి స్వయంగా విమానం నడిపి దిగారు. ఆ తరువాత ఫారం 700ని రక్షణ మంత్రికి అప్పగించారు. అది చూడగానే మా గదిలో మాట ఆగిపోయింది. చూసేవాళ్ళకు అది ఒక పుస్తకం. మాకు అదేమిటో నీకు చెప్పాలి. నీ ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

ప్రతి విమానానికీ ఒక ఫారం 700 ఉంటుంది. పొద్దున్నే ఇంజిన్ ఫిట్టరు ఇంజిన్ చూసి సంతకం పెడతాడు. ఎయిర్‌ఫ్రేమ్, ఎలక్ట్రికల్, రేడియో, ఆయుధాలు, ఎవరి పని చూసి వాళ్ళు సంతకం పెడతారు. చివరికి పైలట్ వచ్చి, అవన్నీ చదివి, తన సంతకం పెట్టి విమానాన్ని తీసుకుంటాడు. అంటే నా అక్షరాన్ని నమ్మి ఇరవై మూడేళ్ళ కుర్రవాడు ఒకే ఇంజిన్ ఉన్న విమానంలో ఆకాశంలోకి వెళ్తాడు. అప్పటికి నాకూ పాతికేళ్ళే. బెళగావిలో కవాతు నేర్పారు, తాంబరంలో ఇంజిన్ విప్పి బిగించడం నేర్పారు. సంతకం బరువు మాత్రం విమానాలు నిలబడే లైనులోకి వచ్చాకే తెలిసింది.

తెల్లవారకముందే అందరం వరసగా నిలబడి, తలలు వంచి, టార్మాక్ మీద నడిచేవాళ్ళం. రాయి, మేకు, తీగముక్క, ఏది కనిపించినా ఏరేవాళ్ళం. ఇంజిన్ గాలిని లాక్కునేటప్పుడు చిన్న గులకరాయి చాలు, లోపలి బ్లేడ్లు దెబ్బతినడానికి. పనిముట్లు కూడా లెక్క ప్రకారమే తీసుకోవాలి, లెక్క ప్రకారమే తిరిగి ఇవ్వాలి. ఒకసారి నా చేతిలోని చిన్న స్క్రూడ్రైవర్ కనిపించలేదు. విమానాన్ని ఆపేశారు. రాత్రి రెండింటి దాకా పానెళ్ళు విప్పుతూ వెతికాం. చివరికి చక్రం పక్కన, టార్పాలిన్ మడతలో దొరికింది. మా వారంట్ ఆఫీసర్ నన్ను ఒక్క మాట అనలేదు. వేడి టీ తెచ్చి ఇచ్చి, "ఇప్పుడు సంతకం పెట్టు" అన్నారు. తిట్టి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో.

ఒకటి మాత్రం నీకు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మకూ సగమే తెలుసు. ఏ స్థావరమో, ఏ సంవత్సరమో రాయను. ఆ అబ్బాయి తల్లి ఇంకా ఉండవచ్చు.

పైలట్ సీట్లో కూర్చున్నాక బెల్టులు బిగించడానికి సాయం చేసి, ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటుకున్న సేఫ్టీ పిన్నులు తీసి, అతనికి చూపించి లెక్కపెట్టడం మా పని. నేను కంగారులో తెలుగులో లెక్కపెడుతుంటే ఆ అబ్బాయి నవ్వేవాడు. పంజాబీ పిల్లవాడు. నెల తిరిగేసరికి తనే "ఒకటి, రెండు" అని మొదలుపెట్టేవాడు. ఆ రోజు కూడా అలాగే లెక్కపెట్టాడు. నేను నిచ్చెన దిగాను, చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మలు తీశారు, సెల్యూట్ చేశాను. నలభై నిమిషాల తరువాత సైరను మోగింది.

ప్రమాదం జరిగితే మొదట చేసే పని ఆ విమానం ఫారం 700ని తీసుకుని తాళం వేయడం. నా సంతకం ఆ తాళం వెనుక ఉంది. విచారణ ముగిసేదాకా నేను చేసిన ప్రతి పనినీ మనసులో మళ్ళీ మళ్ళీ చేసుకున్నాను. పైపు బిగించానా? మూత పెట్టానా? టార్చి వేసి లోపలి దాకా చూశానా? చివరికి గద్ద తగలడమే కారణమని తేలింది. నా తప్పు లేదని రాశారు. ఆ మాట విని నేను ఊరట పొందానంటే అబద్ధం. మా బ్యారక్ వెనుక కూర్చుని ఏడ్చాను. గునుపూరు బాబాయి ఆ రాత్రంతా నా పక్కనే ఉన్నాడు. మొన్న టీవీ ముందు కళ్ళు తుడుచుకున్నది ఆయనే.

అందుకే శవపేటిక అన్న మాట నాకు గుచ్చుకుంటుంది. ప్రమాదాలు జరగలేదని నేను అనను. చాలా జరిగాయి, చాలామంది పిల్లలు పోయారు. కానీ దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో నేలను తాకే విమానం అది. నెమ్మదిగా ఎగిరే శిక్షణ విమానాల నుంచి కుర్రవాళ్ళు నేరుగా దాని మీదికి వచ్చేవాళ్ళు. మధ్యలో నేర్పడానికి ఒక ఆధునిక జెట్ ట్రెయినర్ కావాలని 1982లోనే లాఫాంటేన్ కమిటీ చెప్పింది. అలాంటి ట్రెయినర్లయిన హాక్ విమానాలు దళంలో చేరింది 2008లో. ఈ ఇరవై ఆరేళ్ళ జాప్యానికి ఏ పేరూ పెట్టలేదు. విమానానికి మాత్రం పెట్టారు. దాని బదులు రావలసినవి సమయానికి రాక, దానితోనే అరవై రెండేళ్ళు నెట్టుకొచ్చాం.

సార్జెంటు గారు తన పెద్దల దగ్గర విన్నది చెప్పారు. 1971 డిసెంబరు 14న గౌహతి నుంచి లేచిన మిగ్‌లు ఢాకా గవర్నరు భవనం మీద 57 మిల్లీమీటర్ల రాకెట్లు వేశాయి. ఆ భవనాన్ని వెతకడానికి పైలట్ల దగ్గర ఉన్నది పర్యాటకుల మ్యాపు. రెండు రోజులకు యుద్ధం ముగిసింది. ఇలాంటి మాటలు మా వరకూ నోటి ద్వారానే వచ్చాయి, మేమూ అలాగే చెప్పుకున్నాం. సునాబెడ ఆయన మాత్రం చాలాసేపు మౌనంగా ఉన్నారు. ఆ తరువాత, "పరీక్షించే టెస్ట్ బెడ్ మీద ఇంజిన్ సరిగ్గా పలికిన రోజు నాకు అన్నం సయించేది. మీ దగ్గరికి వచ్చాక అది ఏమైందో మాకు తెలిసేది కాదు" అన్నారు. ఆయన పంపిన పెట్టెలు తెరిచినవాణ్ణి నేను. ఇన్నేళ్ళకు ఇద్దరం ఒక చాప మీద కూర్చున్నాం. అమ్మ వేడిగా గారెలు వేసి పెట్టింది. తెలుగూ ఒడియా కలగలిపి సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. తేజ్‌పూర్‌లో ఉగాదికి తెలుగువాళ్ళు, రజో పండుగకు ఒడియావాళ్ళు నన్ను తమవాడని పిలిచేవాళ్ళు. ఆ రోజులూ గుర్తుకొచ్చాయి.

భయం వేయలేదా అని అడిగావు. వేసింది, అమ్మడూ. ప్రతి ఉదయం వేసింది. ఆ భయంతోనే టార్చి మరోసారి వేసి చూసేవాణ్ణి.

ఆ అబ్బాయి పోయాక నేను పిన్నులు పైకి లెక్కపెట్టలేదు. చూపించి, తల ఊపి దిగిపోయేవాణ్ణి. మొన్న టీవీలో ఆరు విమానాలు వరసగా రన్‌వే మీదికి వస్తుంటే, ఒకటి, రెండు అని గట్టిగానే లెక్కపెట్టానట. నాకు తెలియదు. అమ్మ చెప్పింది.

నాన్న