ఓపీ లైన్‌లో కలిసిన పెద్దమ్మకు కృతజ్ఞతలు

నిన్న రాత్రి మా బాబు తెల్లారేదాకా లేవకుండా పడుకున్నాడు. నేను మాత్రం పడుకోలేకపోయాను, వాడినే చూస్తూ కూర్చున్నాను. ఒంట్లో ఓపిక లేదు, అయినా ఇది ఇప్పుడే రాయాలి.

వరంగల్‌లో ఒక ఆస్పత్రి. బాబు చేతుల మీద, నడుం చుట్టూ, చంకల్లో ఎర్రని పొక్కులు, గోకి గోకి పుండ్లు. బెంచీ మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే దూరంగా జరుగుతున్నారు. నేను వాడి చేతుల్ని చున్నీతో కప్పుతున్నాను. మోకాళ్ల నొప్పులకు చూపించుకోవడానికి వచ్చిన ఒక పెద్దమ్మ ఎదుటి వరసలోంచి లేచి వచ్చి, నా పక్కన కూర్చుని, వాడి చెయ్యి తన ఒళ్లో పెట్టుకున్నారు. ఫోన్ లైటు వేసి వేళ్ల సందులు, మణికట్టు చూశారు. ఈ దురద మొదలైన ఇన్ని నెలల్లో బయటివాళ్లు నా కొడుకుని అలా ముట్టుకోవడం అదే మొదలు. అక్కడే ఏడ్చేశాను.

"రాత్రయితే ఎక్కువ గోక్కుంటడా బిడ్డా? ఇంట్ల ఇంకెవరికన్న దురద ఉన్నదా?"

ఉంది. నాకూ, అత్తమ్మకూ. ఎండలకు వచ్చిన చెమటకాయలని అందరూ అన్నారు.

ఆవిడ ఏఎన్ఎం నర్సుగా చేసి రిటైరయ్యారట. "గజ్జి లెక్కనే ఉన్నది, భయపడకు, పోతది" అన్నారు. తన నంబరు పిలుస్తున్నా వెళ్లకుండా, ఆ మోకాళ్లతోనే మెట్లెక్కి మమ్మల్ని చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ లెన్స్‌తో చూసి అదేనన్నారు. చిన్న పురుగు చర్మంలోకి తొలుచుకుపోయి గుడ్లు పెడుతుందట. ఆ పురుగుని చంపే పర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా వదలకుండా రాత్రి రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. వారం తర్వాత ఇంకోసారి రాయాలి. దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. పురుగు చచ్చాక కూడా దురద కొన్ని వారాలు ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి ధైర్యంగా ఉన్నాను.

క్రీము రాసిన రాత్రి పెద్దమ్మ ఫోన్ చేశారు. "చేతులు కడిగినంక మళ్ల రాసినవా?" అని. పేరు అడిగితే, "పేరెందుకు, పిల్లగాడు మంచిగైతే చాలు" అన్నారు. అమ్మా, మీ రుణం నేను తీర్చుకోలేను.

ఒక్కటి మాత్రం కడుపు మండి అడుగుతున్నాను. ముందు చూపించిన చోట్ల ఎలర్జీ అన్నారు, రక్త పరీక్షలు రాశారు, గుడ్డు, వంకాయ మాన్పించారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని ఒక్కరూ అడగలేదే! మందుల షాపులో చీటీ లేకుండానే స్టెరాయిడ్ ట్యూబు చేతిలో పెట్టారు. రాస్తే ఎరుపు తగ్గేది, పురుగు మాత్రం అలాగే ఉండేది. చాలా స్టెరాయిడ్ క్రీములను 2018లోనే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చారు. ఎవరు చూస్తున్నారు? గజ్జిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల్లో చేర్చింది. ఆ నిర్లక్ష్యం ఎలా ఉంటుందో నా కొడుకు ఒంటి మీద చూశాను.

మా ఆయన, అత్తమ్మ, చెల్లి ఎలాగూ వెంటే ఉన్నారు.

అయ్యో, దుప్పట్లు ఆరేసుకోవడానికి డాబా మొత్తం వదిలేసిన ఓనర్ ఆంటీని మర్చిపోయాను. మా అందరికీ సరిపడా ట్యూబులు వేరే షాపు నుంచి తెప్పించిన మెడికల్ షాపు తమ్ముడికి కూడా థాంక్స్. బాబుని మళ్లీ పంపమని తనే ఫోన్ చేసిన అంగన్‌వాడీ టీచరమ్మకు, ఆ రోజు వెయిటింగ్ డబ్బులు తీసుకోని ఆటో అన్నకు కూడా.