పేరు చెప్పకుండా వెళ్లిపోయిన కెమెరా అన్నకు కృతజ్ఞతలు

దొంగ ఎత్తుకెళ్లిన నాన్న స్కూటీ దొరికింది. ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్రల్లేవు, కళ్లు మండుతున్నాయి, అయినా ఇది ఇవాళే రాయాలి. తమ్ముడు, బాబాయి స్టేషన్ల చుట్టూ తిరిగారు, ఇల్లు అమ్మ చూసుకుంది. చెప్పాల్సింది ఆ అన్న గురించి.

పక్క గల్లీలో కెమెరాల పనికొచ్చిన మనిషి. గేటు దగ్గర కూలబడ్డ నాన్నను చూసి ఆగారు, సంగతి విని టూల్ బ్యాగుతో లోపలికొచ్చారు. ముందు డీవీఆర్ (కెమెరాల వీడియో దాచే డబ్బా) టైమును ఫోన్‌తో పోల్చారు. 40 నిమిషాలు వెనకుంది. లోపలి సెల్ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా టైము తప్పుతుందట. మలుపులోని కిరాణా కొట్టు రికార్డింగులో ఎక్కడ వెతకాలో అలా తెలిసింది. 1 టీబీ డిస్కులో 4 కెమెరాలు ఆగకుండా రికార్డయితే పది పన్నెండు రోజులకే పాతది చెరిగిపోతుందని, మా వీడియో ముక్కను వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారు.

మా కెమెరాలో దొంగ టోపీ తప్ప మొహం లేదు. "అక్కా, మీకు మొహం కావాల్నా, వాకిలంతా కావాల్నా? రెండూ ఒక్క కెమెరాతోని కావు" అన్నారు. 14 అడుగుల ఎత్తు నుంచి, 10 అడుగుల దూరంలోని మనిషిని కెమెరా 40 డిగ్రీలకు పైగా వంగి చూస్తుంది. 8 అడుగులకు దించితే 15 డిగ్రీలే, టోపీ కింది మొహం పడుతుంది. 7 కంటే కిందికొస్తే చెయ్యెత్తి తిప్పేస్తారు. వాకిలి, గల్లీ కనబడటానికి ఇంకోటి 10, 12 అడుగుల్లో ఉండొచ్చు. 2 మెగాపిక్సెల్ కెమెరాకు వెడల్పుగా చూపే 2.8 ఎంఎం లెన్సయితే 10 అడుగులు దాటాక మొహం గుర్తుపట్టేంత స్పష్టంగా రాదు, గేటు ఇంకా దూరమైతే కాస్త దగ్గరగా చూపే 4 ఎంఎం తీసుకోవాలి.

డ్రిల్లు పెట్టే ముందు కెమెరాను కర్రకు కట్టి నన్ను పట్టుకోమన్నారు, తమ్ముణ్ని గేటు దగ్గర నిలబెట్టి ఫోన్‌లో చూశారు. తెల్ల శ్లాబుకు ఆనుకుని ఉంటే రాత్రి ఐఆర్ వెలుగు (చీకట్లో చూడటానికి కెమెరా వేసేది, మన కంటికి కనబడదు) తిరిగి కొట్టి బొమ్మ తెల్లబారుతుందని పక్కకు జరిపారు. వైరును రంధ్రం కంటే కిందికి వంచి పైకి తీశారు, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. జాయింట్లన్నీ డబ్బాలో పెట్టారు. ఐఆర్‌కు పురుగులు, వాటికోసం సాలీళ్లు వస్తాయి, వారానికోసారి పొడిగుడ్డతో తుడవమన్నారు.

డబ్బులిస్తే చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. "పెద్దాయనకు అన్నం పెట్టుండ్రి" అని బండెక్కారు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు అప్పుడొచ్చింది. ఆయన్ను ఎవరైనా ఎరుగుదురా? రాత్రి గేటు దగ్గర మొహాలు పడుతున్నాయని చెప్పండి.

స్టేషన్ల సంగతి కూడా చెప్పాలి. ఒకరు తమ పరిధి కాదని పంపారు, రెండోవారు తిరిగి మొదటి చోటికే పంపారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. డిస్కులో సాక్ష్యం చెరిగిపోతుంటే ముసలాయన్ని ఇలా తిప్పడం అన్యాయం.

కిరాణా కొట్టు భాయ్‌కి సలాం, మొహం పడింది ఆయన షట్టర్ పక్కన తక్కువ ఎత్తులో ఉన్న కెమెరాలోనే. అయ్యో, నిచ్చెన ఇచ్చిన ఎదురింటి పెయింటర్లు! వీడియోతో పాటు కొత్త సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వాలని చెప్పిన మూడో అంతస్తు లాయర్ ఆంటీ, మీక్కూడా.