అమెరికా పాత ఇళ్ల మంచాలపై మన తీరపు బట్ట

సంపాదకులకు నమస్కారం.

అమెరికా తొలినాటి ఇళ్ల గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలలో అతుకుల బొంత ప్రస్తావన తరచుగా ఉంటుంది. వలస వచ్చిన పేద ఇల్లాళ్లు చిరుగుబట్టలు వృథా పోనీయక దానిని కుట్టుకున్నారన్న మాటా వెంటే వస్తుంది. వినడానికి బాగున్నా, 18వ శతాబ్దం విషయంలో ఇది పొసగదు. ఆ రోజుల్లో అక్కడ బట్టే ఖరీదైన సరుకు. ఇంటి యజమాని మరణించాక రాసిన ఆస్తి జాబితాలలో, తెరలు, పరుపులతో కూడిన మంచానికి తరచుగా మిగతా సామాను కంటే ఎక్కువ వెల కట్టేవారు. ముక్కలు అతికిన బొంతలు సామాన్యుల ఇళ్లకు విరివిగా చేరింది 19వ శతాబ్దంలో, మసాచుసెట్స్‌లోని లోవెల్ వంటి ఊళ్ల మిల్లులు నూలుబట్టను చౌక చేసిన తర్వాతనే.

అంతకుముందు సంపన్నుల మంచాలపై పరిచిన దుప్పట్లలో కొన్ని కోరమండల్ తీరంలో చేత్తో చిత్రించినవి. పటిక పట్టించిన చోట చిరివేరు అనే రంగు మొక్క వేరు ఎరుపు తేలేలా, నీలిమందు అంటకూడని చోట మైనం పూసి, నడుమ ‘జీవవృక్షం’ అనే పూలచెట్టు బొమ్మను నిలిపిన పనితనం అది. ఇంగ్లండు తన నేతగాళ్లను కాపాడుకోవడానికి 1700లో చేసిన చట్టం ఈ రంగుల బట్టను స్వదేశంలో వాడకుండా అడ్డుకున్నా, తిరిగి ఎగుమతి చేయడానికి వీలుంచడంతో, లండన్ గిడ్డంగుల మీదుగా అది అమెరికాలోని తన వలస రాజ్యాలకు చేరింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1784లో ‘యునైటెడ్ స్టేట్స్’ అనే అమెరికా ఓడ నేరుగా పుదుచ్చేరికే వచ్చింది.

ఆ బట్ట మీద మోజు ఎంతటిదంటే, అందులోని పూలనూ పక్షులనూ కత్తిరించి, తెల్లబట్టపై ఎడంఎడంగా కుట్టి, కొద్దిపాటి గుడ్డతోనే మంచమంత బొంతను నింపేవారు. తరువాతి కాలంలో ఇందుకు ఇంగ్లండులో అచ్చువేసిన బట్టనూ వాడారు. వర్జీనియా, దక్షిణ కరోలినా ఇళ్లలో ఇటువంటి కుట్టుపనిలో బానిస స్త్రీల చేయి కూడా ఉంది. వారి పేర్లు మ్యూజియం చీటీలలో అరుదు, మన చిత్రకారుల పేర్లూ అంతే.

డెలావేర్‌లోని వింటర్‌థర్ మ్యూజియంలో ఈ దుప్పట్లు భద్రంగా ఉన్నాయి. పెడనలో ఇప్పుడు చెక్క అచ్చుల పనే ఎక్కువ కాబట్టి, ప్రభుత్వ చేనేత శాఖ ఆ దుప్పట్ల నిలువెత్తు ఛాయాచిత్రాలను తెప్పించి అక్కడి కలంకారీ పనివారికి అందుబాటులో ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, మచిలీపట్నం