‘రా అండ్ రస్టిక్’ అని వదిలేయకండి

సంపాదకులకు నమస్కారం.

నగరంలో నడిచే నేరకథ ఒకటి శుక్రవారం విడుదలైందంటే, శనివారం పత్రికల్లో వచ్చే సమీక్షలు ఒకే అచ్చులో పోసినట్టు ఉంటున్నాయి. సగానికి పైగా కథే. ఆ తర్వాత ‘నటీనటులు పాత్రల్లో ఒదిగిపోయారు’, ‘కెమెరా పనితనం బాగుంది’, ‘ద్వితీయార్ధంలో కత్తెరకు పదును పెట్టాల్సింది’. చివర రెండు ముప్పావు మార్కులు. తెర కాస్త చీకటిగా ఉండి నెత్తురు ఎక్కువగా కనిపిస్తే ‘రా అండ్ రస్టిక్’ అనే మాట తోడవుతుంది. మెచ్చుకున్నా అదే మాట, తిట్టినా అదే మాట. ఆ పచ్చిదనం తెరమీదికి ఎట్లా వచ్చిందో, రాకపోతే ఎక్కడ తప్పిందో ఒక్క ముక్క ఉండదు. తిరుపతిలో ఈ తరహా సినిమాలను వెంటపడి చూసి, చూశాక గంటలకొద్దీ వాదించుకునే ప్రేక్షకులం మేము. మార్కులు తగ్గాయనో పెరిగాయనో మాకు పేచీ లేదు. ఆ మార్కులకు కారణం కావాలి.

ముందుగా శబ్దం. తెలుగులో చాలా సినిమాలకు మాటలు చిత్రీకరణ తర్వాత డబ్బింగ్ గదిలో చెబుతారు. కుటుంబ కథకు అది పెద్ద అడ్డు కాదు గానీ వీధిలో నడిచే నేరకథకు మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. బస్టాండు ముందు అరిచిన మనిషి గొంతు గోడలకు తగిలి, హారన్లలో కలిసి, అతను తల తిప్పినప్పుడు కొంచెం పల్చబడి మనకు చేరుతుంది. మైకుకు జానెడు దూరంలో నిలబడి చెప్పిన మాటలో ఆ దూరం ఉండదు. దాన్ని మిక్సింగ్‌లో, అంటే శబ్దాలన్నిటినీ కలిపే దశలో, తెప్పించాలి. అందుకోసం చిత్రీకరణ జరిగిన చోటే, ఎవరూ మాట్లాడకుండా, అరనిమిషమో నిమిషమో ఉత్త గాలి శబ్దాన్ని రికార్డు చేసుకొని రావాలి. అది మాటల కింద పరవకపోతే వాక్యానికీ వాక్యానికీ మధ్య గొయ్యి తవ్వినట్టు వినిపిస్తుంది. సింక్ సౌండ్‌లో, అంటే మాటల్ని చిత్రీకరణలోనే అక్కడికక్కడ రికార్డు చేస్తూ తీస్తే, ఇంకో రకం కష్టం. జనరేటర్‌ను దూరంగా పెట్టాలి, చొక్కా లోపల దాచిన చిన్న మైకు గుడ్డకు రాసుకోకుండా చూడాలి, సన్నివేశం అయ్యేదాకా వీధిని అదుపులో ఉంచాలి. ఇంత చేసినవాళ్లకూ, ఏమీ చేయనివాళ్లకూ సమీక్షలో దక్కేది ఒకటే వాక్యం: ‘నేపథ్య సంగీతం ఆకట్టుకుంది’. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. నటుడు వీపు తిప్పి పది అడుగులు దూరం నడిచినా గొంతు అదే లావున చెవి పక్కనే వినబడుతోందంటే, శబ్దం మీద పని జరగలేదని అర్థం.

‘చీకటి ఎక్కువైంది, మాటలు అర్థం కాలేదు’ అనే ఫిర్యాదు ఈ సినిమాల మీద తరచూ వస్తుంది. ఒక్కోసారి అది దర్శకుడి తప్పే. ఒక్కోసారి హాలు తప్పు. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం తెర మధ్యలో వెలుగు 14 ఫుట్ ల్యాంబర్ట్‌లు (తెర వెలుగును కొలిచే ప్రమాణం) ఉండాలి. ప్రొజెక్టర్‌లో జెనాన్ దీపం పాతబడే కొద్దీ ఆ వెలుగు పడిపోతుంది. పగటి దృశ్యంలో ఎవరికీ తెలియదు. రాత్రి దృశ్యంలో గోడ వారన నిలబడ్డ మనిషి గోడలో కలిసిపోతాడు. త్రీడీ కోసం బిగించిన వెండి పూత తెర మీద మామూలు సినిమా వేస్తే మధ్యలో వెలుగు మచ్చ, అంచుల్లో మసక. శబ్దం సంగతీ అంతే. హాల్లో శబ్దాన్ని అదుపు చేసే ప్రాసెసర్‌ మోతాదును 7 దగ్గర పెట్టి వింటారని లెక్కవేసి మిక్సింగ్ చేస్తారు. ప్రకటనలు, ట్రైలర్ల మోతకు ప్రేక్షకులు గొడవ చేస్తే దాన్ని 5కో 4.5కో దించి, అసలు సినిమాకు కూడా అట్లాగే వదిలేసే హాళ్లున్నాయి. అప్పుడు తుపాకీ మోత వినిపిస్తుంది, గుసగుస పోతుంది. ఈ కథల్లో బేరాలన్నీ గుసగుసల్లోనే కదా నడిచేది! కాబట్టి సమీక్షకులు ఏ ఊళ్లో, ఏ రకం హాల్లో, ఏ ఆట చూశారో ఒక్క పంక్తి రాస్తే, తప్పు ఎవరిదో పాఠకుడు తూకం వేసుకుంటాడు.

ఇక పోలీసు పని. ‘వాస్తవికంగా ఉంది’ అని రాసేముందు కనీసం దీన్ని సరిచూడాలి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు 302 పోయి 103 అయింది, మోసానికి 420 పోయి 318 అయింది. ఆ తేదీ తర్వాత జరిగిన నేరానికి ఎఫ్ఐఆర్‌లో 302 అని రాసి ఉంటే తప్పు. అదే ఒక పాతకాలపు హెడ్ కానిస్టేబుల్ నోటి అలవాటుగా ‘త్రీ నాట్ టూ కేసు సార్’ అంటే అది తప్పు కాదు, మంచి పరిశీలన. ఈ రెంటికీ తేడా చెప్పగలిగిన సమీక్షను దాచుకుంటాం.

ఇంతకంటే పెద్ద పొరపాటు పతాక సన్నివేశాల్లో జరుగుతోంది. నిందితుణ్ణి స్టేషన్‌లో కొడతారు, అతను ఒప్పుకుంటాడు, కేసు తేలిపోయినట్టు సంగీతం లేస్తుంది. పోలీసుల దగ్గర ఒప్పుకున్న మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో అది 25వ సెక్షన్, కొత్త సాక్ష్య అధినియమ్‌లో 23. అతను చెప్పిన చోట కత్తో, ఫోనో దొరికితే, దొరికిన మేరకే ఆ మాటకు విలువ. అరెస్టు చేసిన 24 గంటల్లోగా, ప్రయాణ సమయం మినహాయించి, మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఈ గడువు తెలిసిన రచయిత ఆ 24 గంటలతోనే గుండె ఆగే సినిమా రాయగలడు. తెలియని రచయిత లాఠీతో కథ ముగిస్తాడు. రెండో రకం సినిమాకు ‘పోలీసు వ్యవస్థను కళ్లకు కట్టారు’ అని కితాబు దొరకడం మాకు బాధగా ఉంది.

మా ఊరి సంగతి. తిరుపతి నేపథ్యమంటూ గోవిందరాజస్వామి గోపురాన్ని ఒక్కసారి చూపించి, ఆ తర్వాత కథంతా ఎక్కడో హైదరాబాద్ సందుల్లో నడిపిస్తుంటారు. మా ఊళ్లో నిలబడి ఉత్తరం వైపు చూస్తే వీధి చివర శేషాచలం కొండలు అడ్డంగా నిలబడి ఉంటాయి. కొండ కనిపించని తిరుపతి తిరుపతి కాదు. ఇక్కడ పోలీసు కమిషనర్ ఉండడు, ఎస్పీ ఉంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో కమిషనరేట్లు విజయవాడ, విశాఖల్లో ఉన్నాయి. పాత బండి నంబరు ఏపీ 03తో మొదలవ్వాలి. కొత్తగా రిజిస్టరయ్యే బండ్లకు ఏపీ 39 మొదలైంది 2019లో. 2010లో జరిగే కథలో ఏపీ 39 బండి కనిపిస్తే అది కళా దర్శకుడి ఖాతాలోకి పోవాలి. ఇవన్నీ చిన్నవే. కానీ ‘నేటివిటీ ఉట్టిపడింది’ అనే వాక్యం నిలబడేది ఈ చిన్నవాటి మీదే.

యాస విషయంలో ఇంకా అన్యాయం జరుగుతోంది. ‘ఏంది’, ‘యాడ’ అని నాలుగు మాటలు దొర్లిస్తే చిత్తూరు యాస అయిపోదు. యాస ఉండేది క్రియ చివర. ఇక్కడి మనిషి ‘వస్తా ఉండా’ అంటాడు, ‘చెప్పినాడు’ అంటాడు, ‘ఆడ్నే ఉండాది’ అంటాడు. నటుడు ‘యాడికి పోతావుండావు’ అని మొదలుపెట్టి, కోపం వచ్చేసరికి ‘నేను వస్తున్నాను’లోకి జారిపోతే, పాత్ర అక్కడే చచ్చిపోయింది. కోపం, ఏడుపు, తాగుడు ఉన్న సన్నివేశాల్లో వినండి. నేర్చుకున్న యాస జారేది అక్కడే. పైగా పాత చిత్తూరు జిల్లా అంతా ఒకటే మాట కాదు. నగరి, సత్యవేడు వైపు తమిళం కలుస్తుంది, పలమనేరు, కుప్పం వైపు కన్నడం కూడా. తిరుపతి ఆటోడ్రైవర్ చెన్నై నుంచి వచ్చిన యాత్రికుడితో తడుముకోకుండా తమిళంలో బేరమాడి, అతను దిగగానే తెలుగులో వెనకాల ఆటోవాణ్ణి పిలుస్తాడు. ఇది చూపించిన సినిమా నిజంగా ఈ వీధిని చూసింది. రాయలసీమ అనగానే వేటకొడవలి, సుమోలు, ‘ఫ్యాక్షన్’ అనే చీటీ అతికించడం కూడా సమీక్షకులు మానుకోవాలి. ఇక్కడి నేరకథ దర్శనం టికెట్ల దళారీ చుట్టూనో, ఒకే స్థలానికి ఇద్దరి పేర రిజిస్ట్రేషన్ అయిన కాగితం చుట్టూనో, ఎర్రచందనం దుంగ చుట్టూనో తిరుగుతుంది.

‘నేరాన్ని గొప్పగా చూపించారు’ అనేది ఈ సినిమాల మీద పడే పెద్ద నింద. నింద వేయొచ్చు, కానీ తెరమీద దేన్ని చూసి వేస్తున్నారో చెప్పాలి. సెకనుకు 24 ఫ్రేములు నడిచే సినిమాలో 96 ఫ్రేముల వేగంతో తీసిన దెబ్బ నాలుగు రెట్లు నెమ్మదిగా పడుతుంది. కెమెరా మోకాలి ఎత్తులో కూర్చుని కొట్టేవాడి ముఖాన్ని పైకి చూస్తూ, కింద డప్పు మోగుతుంటే, అది గొప్పచేయడమే. అదే దెబ్బ మామూలు వేగంలో, కంటి ఎత్తులో, సంగీతం లేకుండా పడి, ఆ తర్వాత కెమెరా పడ్డవాడి దగ్గరే ఆగితే అది వేరే సినిమా. 1998 నాటి హిందీ నేరకథ ‘సత్య’ను తీసుకోండి. పోలీసులు కాపు కాసిన సినిమా హాల్లో కథానాయకుడు సత్య తుపాకీ పేలుస్తాడు. జనం చచ్చేది తూటాకు కాదు, తొక్కిసలాటలో. అతను తప్పించుకున్నందుకు ఊపిరి పీల్చుకోబోయిన ప్రేక్షకుడి గొంతులోనే ఆ ఊపిరి ఆగిపోతుంది. తొక్కిసలాట అంటే ఏమిటో 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో ఆరుగురు భక్తులను పోగొట్టుకున్న మా ఊరికి తెలుసు. అట్లాంటి సన్నివేశాన్ని ‘యాక్షన్ ఎపిసోడ్ అదిరింది’ అని ఎవరూ రాయకూడదు.

ఇంకొక లోటు సెన్సార్ ధ్రువపత్రం సంగతి. 2024లో వచ్చిన కొత్త నిబంధనలతో, పిల్లలు పెద్దల సలహాతో చూడదగ్గదని ఇచ్చే ‘యూఏ’ మూడు రకాలైంది: 7 దాటినవారికి, 13 దాటినవారికి, 16 దాటినవారికి. ‘ఏ’ అయితే 18 నిండనివారిని లోపలికి పంపకూడదు. పిల్లల్ని తీసుకెళ్లాలా వద్దా అని చూసే తల్లిదండ్రులకు మార్కుల కంటే ఇది ముఖ్యం. చాలా సమీక్షల్లో ఈ వివరమే ఉండదు. మాట మధ్యలో శబ్దం మాయమైనా, దెబ్బ పడకముందే దృశ్యం ఎగిరిపోయినా అది ఎడిటర్ చేతకానితనమని రాసేస్తున్నారు. ధ్రువీకరణలో పడిన కోత కావచ్చు కదా, కనుక్కొని రాయాలి.

హంతకుడు ఎవరో ఫొటో కింది రాతలో చెప్పేయడం మాత్రం దయచేసి ఆపించండి.

శనివారం స్థలం చాలదంటే మార్కుల పెట్టె తీసేయండి. ఆ చోట ధ్రువపత్రం, నిడివి, చూసిన హాలు, మాటలు అక్కడికక్కడే రికార్డు చేశారా లేదా అన్నది నాలుగు పంక్తుల్లో వస్తుంది. మిగతాది, సమీక్షకులు సినిమా రెండోసారి చూశాక, ఆ కథ జరిగే ఊరి మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని, ఆదివారం రాయనివ్వండి.

ఇట్లు,
కొందరు సినిమా ప్రేక్షకులు,
తిరుపతి