చిన్న పరిశ్రమల సైబర్ భద్రత గురించి జిల్లా పరిశ్రమల అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి నమస్కారాలు.

మా పారిశ్రామికవాడలోని చిన్న యూనిట్ల తరఫున ఇదే విషయాన్ని మీకు రాతపూర్వకంగా విన్నవించుకున్నాం. జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

మా వాడలో ఒక యూనిట్‌కు, ముడిసరుకు పంపే వ్యాపారి మెయిల్ నుంచే ‘మా బ్యాంక్ ఖాతా మారింది’ అని సమాచారం వచ్చింది. మెయిల్ అడ్రస్ అసలుదే, రాసింది మాత్రం దొంగ. సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేసేసరికి డబ్బు చేతులు మారిపోయింది. ఆ నెల కార్మికులకు జీతాలు ఆగిపోయాయి. చెల్లింపు చేసిన అకౌంటెంట్ అమ్మాయి ఆ టెన్షన్ తట్టుకోలేక ఉద్యోగం మానేసింది. ఆమె తప్పు ఏముందని?

గేటుకు తాళం వేసి లోపలున్న వాళ్లందరినీ నమ్మే పద్ధతి ఇక చాలదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2020లో వివరించిన జీరో ట్రస్ట్ విధానం చెప్పేది ఇదే. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్నంత మాత్రాన ఎవరినీ నమ్మకూడదు, మనిషినీ పరికరాన్నీ సరిచూసుకోవాలి, పనికి అవసరమైనంత వరకే అనుమతి ఇవ్వాలి. దీన్ని పెద్ద ఖర్చుతో మొదలుపెట్టనక్కర్లేదు. అందరూ వాడే ఉమ్మడి పాస్‌వర్డ్ తీసేసి, మెయిల్‌కు ఓటీపీ లాంటి రెండో తనిఖీ పెట్టి, మానేసిన వారి లాగిన్ అదే రోజు మూసేస్తే సగం దారులు మూసుకుంటాయి. ఖాతా నంబర్ మారిందంటే మాత్రం పాత ఫోన్ నంబర్‌కు చేసి అడగాల్సిందే. ఈ మాటలు చెప్పేవాళ్లే మాకు లేరు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలపాలన్న సంగతి మా వాడలో చాలామందికి తెలియదు.

ప్రతి పారిశ్రామికవాడలో తెలుగులో శిక్షణ ఏర్పాటు చేయండి. యూనిట్లకు వచ్చి లోపాలు చూపించే ఒక నిపుణుణ్ని మీ కార్యాలయంలో నియమించండి. ఈ రెండూ ఎప్పటిలోగా చేస్తారో 30 రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక చిన్న యూనిట్ యజమాని