కేర్ వర్కర్లు ఎందుకు వెళ్లిపోతున్నారో చూడండి: బ్రిటన్ ఆరోగ్య, సామాజిక సంరక్షణ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఇంగ్లండ్‌లో వృద్ధులకు, వికలాంగులకు వారి ఇళ్లలోనే సేవ చేసే కేర్ వర్కర్‌ను నేను. ఈ పనిలో ఉన్న తెలుగువాళ్లు కూడా చదివి గొంతు కలపాలని ఈ లేఖను తెలుగులో రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లో మా సంరక్షణ రంగంలో 2021-22లో దాదాపు లక్షా 65 వేలున్న ఉద్యోగ ఖాళీలు 2024-25 నాటికి లక్షా 11 వేలకు తగ్గాయి. సంతోషమే. కానీ ఆ తగ్గుదలలో విదేశాల నుంచి వచ్చినవాళ్ల పాత్ర చాలా పెద్దది. 2022 ఫిబ్రవరిలో విదేశీ కేర్ వర్కర్లకు తెరిచిన వీసా దారిని 2025 జులైలో విదేశాల నుంచి కొత్తగా వచ్చేవారికి మూసేశారు. ఇక మిగిలింది ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లు. వాళ్లలోనూ ఏటా నలుగురిలో దాదాపు ఒకరు చేస్తున్న ఉద్యోగం వదిలేస్తున్నారు.

ఎందుకు వదలరు? ఐదేళ్ల అనుభవం ఉన్నవారికీ నిన్న చేరినవారికీ గంట జీతంలో తేడా పది పెన్నీల దరిదాపుల్లోనే ఉంటోంది. ఆ ఐదేళ్లలో మనిషి ఏం నేర్చుకుంటాడో ఒక్కసారి ఆలోచించండి. డిమెన్షియా ఉన్న పెద్దాయన స్నానానికి ససేమిరా అంటే ఎంతవరకు బతిమాలాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలుస్తుంది. మడమ మీద ఎర్రమచ్చ కనబడితే అది పడకపుండుగా మారకముందే నర్సుకు కబురు వెళ్తుంది. మింగలేని మనిషికి ఏది ఎంత చిక్కగా ఇవ్వాలో చేతికి అలవాటవుతుంది. అలాంటి మనిషి మానేస్తే ఆ ఇంట్లో అన్నీ మళ్లీ మొదటి నుంచి. కొత్త ముఖాన్ని చూసి బెదిరిపోయే ముసలివాళ్లను నేను చాలామందిని చూశాను.

ఇంటింటికీ తిరిగే సమయం సంగతి మరీ అన్యాయం. ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్లే సమయాన్ని కూడా కనీస వేతనానికి లెక్కించాలని చట్టం చెబుతోంది. చాలాచోట్ల జీతం చీటీలో మాత్రం గుమ్మం లోపల గడిపిన నిమిషాలే కనిపిస్తాయి. ఇంటి సేవకు వెళ్తే మామూలుగా అరగంటకు తగ్గకూడదని 2015లోనే జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. పావుగంట సందర్శనలు ఇంకా ఆగలేదు. ఆ పావుగంటలో లేపాలా, కడగాలా, తినిపించాలా?

స్పాన్సర్ వీసా, అంటే యజమాని పూచీ మీద ఇచ్చే వీసా, మీద ఉన్నవాళ్ల భయం వేరు. విదేశీయులను పనిలో పెట్టుకునేందుకు యజమానికి ఉన్న లైసెన్సు రద్దయితే, తప్పు ఎవరిదైనా సరే, 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలి. ఆ భయంతోనే ఫిర్యాదు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది.

యూనియన్లు, యజమానులు చర్చించి ఈ రంగంలో జీతాలు, పని షరతులు నిర్ణయించే న్యాయమైన వేతన ఒప్పందం (ఫెయిర్ పే అగ్రిమెంట్) కోసం ప్రభుత్వం 50 కోట్ల పౌండ్లు ప్రకటించింది. అది 2028లో గానీ అమలు కాదు. ఇంగ్లండ్‌లో ఈ రంగంలో దాదాపు 16 లక్షల ఉద్యోగాలున్నాయి. సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఏడాదికి సుమారు 312 పౌండ్లు, అంటే నెలకు 26. ఈ మొత్తంతో ఎవరు ఆగుతారు?

అందుకే అడుగుతున్నాను. ఆ మొత్తాన్ని పెంచండి. అనుభవానికి, నేర్చుకున్న నైపుణ్యానికి జీతంలో స్పష్టమైన మెట్లు పెట్టండి. ప్రయాణ సమయానికి విడిగా లెక్కకట్టి చెల్లించేలా కేర్ సంస్థలతో స్థానిక కౌన్సిళ్లు చేసుకునే కాంట్రాక్టులు మార్చండి, అందుకు తగిన నిధులూ కౌన్సిళ్లకివ్వండి. వేల్స్, స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్‌లలో కేర్ వర్కర్లకు వృత్తి రిజిస్టర్ ఉంది, ఇంగ్లండ్‌లో లేదు. అదీ తెండి. వేతన చర్చల్లో కూర్చునేవారిలో ఇప్పటికీ ఇళ్లకు వెళ్లి పని చేస్తున్నవాళ్లు ఉండాలి. ఆ చర్చలు 2028 దాకా సాగనివ్వకుండా వచ్చే బడ్జెట్‌లోనే మొదటి విడత నిధులు కేటాయించండి.

ఇట్లు,
ఇంగ్లండ్‌లో ఒక తెలుగు కేర్ వర్కర్