సీటుందంటారు, గైడ్ లేరంటారు: లా పీహెచ్‌డీ అభ్యర్థుల గోడు వినండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నల్లగొండ కోర్టులో తొమ్మిదేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్న న్యాయవాదిని. ఎల్‌ఎల్‌ఎం అయింది, జాతీయ అర్హత పరీక్ష నెట్ రాసి పీహెచ్‌డీ అడ్మిషన్‌కు అర్హత తెచ్చుకున్నాను, ఇంటర్వ్యూకూ వెళ్లొచ్చాను. అయినా ఏడాది కావస్తోంది, ఇంకా గైడ్ (పరిశోధనను పర్యవేక్షించే అధ్యాపకుడు) కోసం తిరుగుతూనే ఉన్నాను. ఇది నా ఒక్కదాని బాధే అయితే మీ పేపర్‌కు రాసేదాన్ని కాదు. మా బార్‌లోనే ఇంకో ఇద్దరు, మహబూబ్‌నగర్‌లో తెలిసిన ఒక తమ్ముడు ఇదే పరిస్థితిలో ఉన్నారు.

ఎంట్రెన్స్ కొడితే సీటు వచ్చినట్టే అని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. 2022 నవంబర్‌లో వచ్చిన యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నిబంధనల ప్రకారం పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 5 శాతం సడలింపు ఉంటుంది. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాల్లో పీహెచ్‌డీకి మాత్రమే అర్హత అనే కేటగిరీ కూడా వచ్చింది. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) రాని మాలాంటివాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఇస్తారు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ మా నెట్ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కు ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఆ ఏడాదిలో యూనివర్సిటీ నోటిఫికేషన్ వేయకపోయినా, వేసి గైడ్‌ని చూపించకపోయినా నష్టపోయేది మేమే, మళ్లీ పరీక్ష రాయాల్సింది మేమే.

అసలు చిక్కు గైడ్‌ల లెక్కలో ఉంది. ప్రొఫెసర్ దగ్గర ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది మాత్రమే ఉండొచ్చు. ఒక లా డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఉన్నారనుకోండి, మొత్తం 16 మంది. ఈ 16 మంది ఏటా ఖాళీ అయ్యేవాళ్లు కాదు. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, ఆపైన రెండేళ్ల పొడిగింపు, మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్లు, అంటే పదేళ్ల దాకా ఒక స్థానం నిండే ఉండొచ్చు. ఆ గడువులు తప్పని నేను అనను, నాకూ రేపు అవే కావాలి. దీనికి తోడు గైడ్‌గా ఉండాలంటే రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి, పీహెచ్‌డీ ఉండాలి, మంచి జర్నల్స్‌లో పేపర్లు వేసి ఉండాలి. మన దగ్గర ఏళ్ల తరబడి రెగ్యులర్ నియామకాలు లేక కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ వాళ్లతోనే క్లాసులు నడుస్తున్నాయి. ఎంత బాగా చెప్పే సారైనా, ఎన్ని పేపర్లు వేసినా, కాంట్రాక్టు అయితే గైడ్ కాలేరు. రిటైర్‌మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్న రెగ్యులర్ ప్రొఫెసర్ కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఆ నిబంధన వెనుక ఉద్దేశం మంచిదే, మధ్యలో గైడ్ వెళ్లిపోతే విద్యార్థి ఏమైపోవాలి? కానీ నోటిఫికేషన్ వేసేవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి కదా.

నా విషయంలో ఏం జరిగిందో చెప్తాను. ఒక యూనివర్సిటీలో ఇంటర్వ్యూ బాగానే జరిగింది. బయటికి వచ్చాక ఆఫీసులో "గైడ్ ఒప్పుకున్నట్టు లెటర్ తెచ్చుకోండి మేడమ్" అన్నారు. తెల్లవారుజామున బస్సెక్కి చౌటుప్పల్, ఎల్బీనగర్ మీదుగా పోవడం, కారిడార్‌లో బెంచీ మీద కూర్చోవడం, సాయంత్రానికి తిరిగి రావడం, ఇలా ఐదు సార్లు తిరిగాను. ఒక సార్ దగ్గర ఖాళీ లేదు, ఇంకొకరు వచ్చే ఏడాదే రిటైర్ అవుతున్నారు, మూడో ఆయనది రాజ్యాంగ చట్టం, నా టాపిక్ భూమి చట్టాలు. వాళ్లెవరినీ నేను తప్పుపట్టను, నాతో మర్యాదగానే మాట్లాడారు. ఆ ఖాళీల సంగతి మొదటి రోజే తెలిసి ఉంటే ఐదు వాయిదాలకు జూనియర్‌ని పంపుకునేదాన్ని కాదు.

టాపిక్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందుకే ఇంత పట్టు పట్టాను. దేవరకొండ వైపు నుంచి ఒక పెద్దాయన పాలిథీన్ కవర్లో మడతల దగ్గర చిరిగిపోయిన కాగితం పట్టుకొచ్చాడు. 1950 నాటి కౌలు చట్టం కింద రక్షిత కౌలుదారుకు భూమి మీద యాజమాన్య హక్కు కల్పిస్తూ ఇచ్చిన 38-ఇ సర్టిఫికెట్ అది. "ఇది మా నాయిన పేరు మీద ఉన్నది బిడ్డా, ఆన్‌లైన్ల జూస్తె వేరేటోళ్ల పేరున్నది" అన్నాడు. ఆ కేసు కోసం ఉర్దూలో ఉన్న పాత రికార్డులు, ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) నకళ్లు వెతుకుతుంటే ఇలాంటివి మా జిల్లాలో, పాలమూరులో ఇంకా ఎన్ని తేలకుండా ఉన్నాయో అర్థమైంది. భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి చట్టం వచ్చింది కానీ ఆ కాగితం ఉన్న మనిషి మళ్లీ మొదటి మెట్టు దగ్గరే నిలబడ్డాడు. ఇది ఎవరో ఒకరు కూర్చుని శ్రద్ధగా చదివి రాయాల్సిన విషయం. అమ్రాబాద్ అడవిలో చెంచుల హక్కులు, ఊరొదిలి పనికి పోయే పాలమూరు కూలీలకు 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఎంతవరకు పనికొచ్చింది, ఇవి కూడా అలాంటివే. ఆ కేసులు రోజూ చూసేవాళ్లు ఇక్కడి కోర్టుల్లో ఉన్నారు.

ప్రాక్టీస్ మానకుండా పార్ట్‌టైమ్‌లో చేద్దామంటే ఇంకో అడ్డంకి. పార్ట్‌టైమ్‌కు పనిచేసే సంస్థ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడుగుతారు, కోర్స్‌వర్క్‌కు (పీహెచ్‌డీ మొదట్లో చదవాల్సిన క్లాసులకు) అవసరమైతే సెలవు ఇస్తామని కూడా అందులో రాయాలి. అడ్వకేట్‌కు యజమాని ఎవరు? ఆఫీసులో అడిగితే బార్ అసోసియేషన్ నుంచి తెమ్మన్నారు, అసోసియేషన్‌లో అడిగితే "మేము నీకు జీతమిచ్చేవాళ్లం కాదమ్మా, ఏమని రాసియ్యాలి" అన్నారు. ఇద్దరి మాటా నిజమే, మధ్యలో నా అప్లికేషన్ ఆగిపోయింది. అడ్వకేట్ల నుంచి సొంత డిక్లరేషన్ చాలని యూనివర్సిటీ ఒక సర్క్యులర్ ఇస్తే తీరిపోయే సమస్య ఇది.

నేను కొత్తగా ఏమీ కోరడం లేదు. ప్రతి యూనివర్సిటీ తన గైడ్‌ల పేర్లు, వాళ్ల దగ్గర ఎవరు ఏ టాపిక్ మీద ఎప్పటి నుంచి చేస్తున్నారు అనే వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టి ఏటా అప్‌డేట్ చేయాలని ఆ 2022 నిబంధనల్లోనే ఉంది. నేను చూసినప్పుడు ఆ యూనివర్సిటీ లా పేజీలో అలాంటి పట్టికే కనిపించలేదు. అది పెట్టండి. దానిలోనే ఎవరి దగ్గర ఎన్ని ఖాళీలున్నాయి, ఎవరు ఎప్పుడు రిటైర్ అవుతారు అనేది కూడా రాయండి. గైడ్‌ని కేటాయించే పని డిపార్ట్‌మెంట్ చేయాలి కానీ అభ్యర్థి గుమ్మం గుమ్మం తిరిగి తెచ్చుకునేది కాకూడదు. భూమి చట్టాలు తెలిసినవాళ్లు వేరే యూనివర్సిటీలో ఉంటే వాళ్లను కో-గైడ్‌గా పెట్టుకునే వీలు నిబంధనల్లో ఉంది, దాన్ని వాడండి. రెగ్యులర్ పోస్టులు ప్రభుత్వం నింపాలి, అది ఎలాగూ చేయక తప్పదు.

నా స్కోరు గడువు ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. ఎందుకైనా మంచిదని మళ్లీ నెట్‌కు అప్లై చేశాను, రాత్రిపూట కేసు ఫైళ్లు పక్కన పెట్టి చదువుతున్నాను.

ఇట్లు
ఒక మహిళా న్యాయవాది, నల్లగొండ